నాన్నగారి బండి

తుప్పుతో నాకు 33 సంవత్సరాల వైరం. మన కర్మాగారంలో యాంత్రిక నిర్వహణ విభాగంలో శిక్షణార్థిగా చేరిన తొలి వారంలోనే మా పెద్ద ఇంజనీరుగారు నన్ను ఒక కన్వేయరు గ్యాలరీ క్రిందికి తీసుకొనిపోయి, ఒక దూలం మీది రంగును గోటితో గీకి, "ఇదిగో, నీ శత్రువు. ఇది ఆదివారం కూడా సెలవు తీసుకోదు" అని పరిచయం చేశారు. సముద్రపు గాలిలోని ఉప్పుతేమ ఇనుమును ఎలా తినివేస్తుందో మన ఉద్యోగులకు నేను చెప్పవలసిన పని లేదు. ఎర్రని చార ఎక్కడ కనిపించినా చేయి దురదపెట్టడం ఆనాటినుండి నా స్వభావమైపోయింది. అటువంటి నేను, 57వ ఏట, ఢిల్లీలో సాకేత్‌లోని మా ఇంటి బాల్కనీలో కూర్చుని, సన్నని కుంచె పట్టుకొని, ఒక బుల్లి యుద్ధట్యాంకుకు స్వహస్తాలతో తుప్పు పట్టిస్తూ కనిపిస్తే, "ఇదేం చోద్యమండీ!" అని మా శ్రీమతి నవ్వడంలో వింత లేదు. ఆ చోద్యాన్ని గురించి, దానివల్ల మా ఇంట జరిగిన ఒక మేలును గురించి మన పత్రిక పాఠకులతో నాలుగు మాటలు పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడేళ్ల క్రితం నన్ను సంస్థ ఢిల్లీ కార్యాలయానికి బదిలీ చేశారు. సాకేత్‌లో డి.డి.ఏ. వారు కట్టిన ఇళ్లలో రెండవ అంతస్తులో అద్దెకు దిగాము. సాకేతమంటే అయోధ్యకు మరొక పేరు కనుక, "ఇక మీది సాకేతపురి కాపురమే" అని బంధువులు హాస్యమాడారు. ఆ ఏడాదే మా అమ్మగారు కాలం చేశారు. ఊరిలో ఒంటరిగా మిగిలిన మా నాన్నగారిని మాతో తీసుకొనివచ్చాము.

మా స్వగ్రామం తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. ఇంటికొకరైనా సైన్యంలో చేరిన ఊరని గోదావరి జిల్లాలవారందరికీ తెలిసినదే. నాన్నగారు 1963లో, 19వ ఏట సైన్యంలో చేరి, సికింద్రాబాదులోని ఇ.ఎం.ఇ. కేంద్రంలో శిక్షణ పొంది, ట్యాంకు మెకానిక్ అయ్యారు. ఇ.ఎం.ఇ. అంటే సైన్యంలో యంత్రాలు, వాహనాలు, ఆయుధాలు బాగుచేసే దళం. ఒక విధంగా చెప్పాలంటే అక్కడి నిర్వహణ విభాగం. 1987లో హవల్దారుగా పదవీ విరమణ చేసి ఊరు చేరారు. 1971 యుద్ధంలో ఆయన షకర్‌గఢ్ ప్రాంతంలో, ఒక ట్యాంకు రెజిమెంటుకు అనుబంధంగా ఉండిన మరమ్మతు పటాలంలో పనిచేశారని మాకు తెలుసు. అంతకుమించి ఏమీ తెలియదు. చిన్నతనంలో ఎన్నిసార్లు అడిగినా, "ఏముందిరా, బోల్టులు బిగించాం" అనేవారు. అమ్మ పోయిన తరువాత ఆ మాత్రం మాటలు కూడా తగ్గిపోయాయి. సాకేత్‌లో ఆయనకు తెలిసినవారు లేరు. ఉదయం నడక, వార్తాపత్రిక, భోజనం, నిద్ర. నేను కార్యాలయం నుండి రాగానే "వచ్చావా" అనేవారు. అదే ఆ రోజుకు మా సంభాషణ.

పరిస్థితి ఇలా ఉండగా బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి నా పుట్టినరోజుకు ఒక పెట్టె పంపింది. లోపల ఆకుపచ్చ ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కొని ఉన్న చిన్న చిన్న భాగాలు, ఒక సూచనల కాగితం. తమియా అనే జపాను సంస్థవారి సెంచూరియన్ ట్యాంకు నమూనా అది. 35వ వంతు పరిమాణం. "తాతయ్య రిపేరు చేసిన ట్యాంకు ఇదేనట. ఇద్దరూ కలిసి కట్టండి" అని చీటీ పెట్టింది.

ఈ 35వ వంతు అనే లెక్క ఎక్కడనుండి వచ్చిందో తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చింది. 1960ల ఆరంభంలో ఆ సంస్థవారు మోటారుతో నడిచే ఒక జర్మను ట్యాంకు నమూనాను తయారు చేయదలచి, లోపల మోటారు, బ్యాటరీలు పట్టేటంత కొలతలో గీశారట. గీసిన తరువాత లెక్క చూస్తే అసలు ట్యాంకులో 35వ వంతు తేలింది. అలా బ్యాటరీల కోసం పుట్టిన కొలతే కాలక్రమేణా ట్యాంకు నమూనాలకు ప్రపంచమంతటా వాడుకలో స్థిరపడింది. మన కర్మాగారాలలో కూడా ఇటువంటి ప్రమాణాలు లేకపోలేదు!

కట్టడం నాకు కష్టమనిపించలేదు. చట్రం నుండి భాగాన్ని చిన్న కటింగ్ ప్లయరుతో కత్తిరించాలి. మిగిలిన ముక్కును గరుకు కాగితంతో సాపు చేయాలి. ప్లాస్టిక్ సిమెంటు పూసి జతచేయాలి. ఈ సిమెంటు మామూలు జిగురు వంటిది కాదు. రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఏకం చేస్తుంది. ఒక విధంగా వెల్డింగే. ఎక్కువ పూస్తే అంచు కరిగి వికారమవుతుంది. మొదటి చక్రం అలాగే పాడుచేశాను. మూడు ఆదివారాలలో ట్యాంకు నిలబడింది. సుమారు 50 టన్నుల బరువుండే అసలు యంత్రం నా అరచేతిలో 22 సెంటీమీటర్ల దేహంతో ఒదిగింది. ముదురు ఆకుపచ్చ రంగు వేసి, నాన్నగారి బల్లమీద పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి, "మావి మార్క్ 7. ఇది ముందుది, మార్క్ 3" అని మళ్లీ పత్రిక తీసుకున్నారు. కొంచెం నిరుత్సాహం కలిగినా, ఎప్పటికంటే ఆరు మాటలు ఎక్కువ మాట్లాడారని శ్రీమతి సమాధానపరచింది.

రంగు వేసిన ట్యాంకు కొత్త ఆటబొమ్మలా మెరుస్తోంది. అసలు కథ ఇక్కడే ప్రారంభమవుతుంది. ఈ కళలో ఆరితేరినవారు నమూనాకు రంగు వేసి ఊరుకోరు. ఎండకు వెలిసిన రంగు, వానచారలు, ధూళి, బురద, నూనె మరకలు, గీతలు, తుప్పు అన్నీ కుంచెతో కల్పిస్తారు. దీనికి వెదరింగ్ అని పేరు. అమెరికాలో షెపర్డ్ పెయిన్, బెల్జియంలో ఫ్రాన్సువా వెర్లిండెన్ వంటివారు 1970లు, 80లలో దీనిని ఒక విద్యగా ప్రచారంలోకి తెచ్చారు. పద్ధతులు వినడానికి సులభమే. నీటితో పలుచనయ్యే యాక్రిలిక్ రంగు ముందు వేసి ఆరనిస్తారు. దానిపై తైలవర్ణాన్ని టర్పెంటైనులో బాగా పలుచన చేసి పూస్తే, అది మూలలలోకి, బోల్టుల చుట్టూ చేరి నీడలా నిలుస్తుంది. టర్పెంటైను క్రింది యాక్రిలిక్ రంగును కరిగించదు కనుక, నచ్చకపోతే తుడిచివేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. కుంచెకున్న రంగును గుడ్డకు దాదాపు అంతా తుడిచివేసి, ఎత్తుగా ఉన్న అంచులపై మాత్రమే తేలికగా రాస్తే అంచులు వెలిగినట్లు కనిపిస్తాయి. చిన్న స్పాంజి ముక్కతో అద్దితే రంగు రాలిన పెచ్చులు వస్తాయి. సుద్దకడ్డీలను అరగదీసిన పొడి ధూళి అవుతుంది. కళాసామగ్రి అమ్మే దుకాణంలో 500 రూపాయల లోపే ఇవన్నీ దొరికాయి.

తుప్పు సంగతి నాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుందన్న అహంకారంతో నేను విజృంభించాను. రెండు వారాలు కృషి చేశాను. టరెట్ పక్కలనుండి ఎర్రని చారలు కార్చాను. ముందుపలక మీద పెచ్చులు లేపాను. సామాను పెట్టెల అంచులన్నీ తినివేయించాను. చూస్తే ముప్ఫై ఏళ్లు వానలో నానిన ఇనుములా ఉంది. నా చేతిపనికి నేనే మురిసిపోయి నాన్నగారి ముందు పెట్టాను.

ఆయన చాలాసేపు చూశారు. ముఖం ఎర్రబడింది.

"దీనికి మెకానిక్ లేడా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఈ బండికి మెకానిక్ లేడా అంటున్నా. ఇంత తుప్పు పట్టేదాకా ఏం చేస్తున్నాడు? నేనుండగా నా బండి మీద ఇలా ఎలా పడుతుందిరా? కోర్టుమార్షల్ చేస్తారు."

అమ్మ పోయిన తరువాత ఆయన గొంతులో అంత వేడి నేను వినలేదు. ఆ క్షణంలో నాకు సిగ్గు కూడా కలిగింది. 33 సంవత్సరాలు తుప్పును నిర్లక్ష్యానికి గుర్తుగా పరిగణించిన నేను, ఒక అలంకారంగా దానిని ఒక యంత్రానికి పూసి, ఆ యంత్రాన్ని కంటికి రెప్పలా కాపాడిన మనిషికే చూపించాను. "తప్పయింది నాన్నగారూ. ఎలా ఉండేదో మీరే చెప్పండి" అన్నాను. ఆయన కాసేపు ఊరుకొని, "ముందు అదంతా తుడిచెయ్" అన్నారు. టర్పెంటైను సీసా తెచ్చాను. ఆ రాత్రి పన్నెండింటి దాకా ఇద్దరం మేలుకొని ఉన్నాము.

ఆనాటినుండి ప్రతి ఆదివారం మా బాల్కనీ ఒక వర్క్‌షాపు అయింది. నాన్నగారు కుర్చీలో, నేను పీట మీద. ఆయన సూత్రం ఒక్కటే: కారణం లేకుండా మరక పడదు. ప్రతి మరకకూ, "ఇది ఎందుకు పడింది?" అని ప్రశ్నించేవారు. జవాబు చెప్పలేకపోతే తుడిచివేయవలసిందే.

"తుప్పు ఎక్కడ ఉండాలో చెప్తాను విను" అని ఆయనే వివరించారు. వెనుక ట్రాక్ గార్డుల మీద రెండు వైపులా ఉండే సైలెన్సరులకు ఉంటుంది. వేడికి రంగు కాలిపోతుంది కనుక ఎంత పూసినా నిలవదు. ట్రాకులకు ఉంటుంది. అవి మాంగనీసు ఉక్కు పోతలు. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనుగొన్న ఈ ఉక్కు దెబ్బ తగిలినకొద్దీ గట్టిపడుతుందని మన లోహశాస్త్ర విభాగంవారికి తెలిసినదే. రాత్రి మంచులో ఆగితే తెల్లవారేసరికి పైన పలుచని ఎర్రపొర వస్తుంది. బండి నాలుగడుగులు కదలగానే నేలకు ఒరిసే అంచులు, చక్రాలు దొర్లే లోపలి దారి తళతళలాడుతాయి. ఆ తళుకు కోసం నేను వెండిరంగు తీయబోతే, "వెండి కాదురా, ఉక్కు" అన్నారు. చివరకు మెత్తని పెన్సిలు ములికిని అంచులకు రుద్దాము. గ్రాఫైటు మెరుపు సరిగ్గా ఉక్కు మెరుపులా వచ్చింది. కవచపు పలకలకు మాత్రం తుప్పు పూయనివ్వలేదు. గీత పడినచోట సన్నని గోధుమరంగు చుక్క, అంతే. అదైనా 35వ వంతులో ఆలోచించాలి. నమూనా మీద ఒక మిల్లీమీటరు పెచ్చు అంటే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్లు. నేను మొదట లేపిన పెచ్చులు ఆ లెక్కన అరచేతులంత ఉన్నాయి.

ఇంధనం పోసే మూతల చుట్టూ నల్లని జిడ్డు మరకలు వేశాను. "ఇది డీజిలు బండి అనుకున్నావా?" అన్నారు. సెంచూరియన్‌లో ఉండేది 650 హార్స్‌పవర్ మీటియార్ యంత్రం. రెండవ ప్రపంచయుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలు నడిపిన మెర్లిన్ యంత్రానికి తమ్ముడు. అది తాగేది పెట్రోలు. పెట్రోలు ఒలికితే జిడ్డుగా నిలవదు. ఆవిరైపోతుంది. పోతూ పోతూ అక్కడి ధూళిని కడిగి, చుట్టూ ఒక అంచు మిగిల్చి పోతుంది. అంటే మూతల దగ్గర మరక నలుపుగా కాదు, చుట్టుపక్కలకన్నా శుభ్రంగా ఉండాలి! ఈ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నిజమైన డీజిలు మరకలు ఎలా ఉంటాయో మన లోకోషెడ్డులో ఎన్నిసార్లు చూడలేదు! చూడడం వేరు, కారణం అడగడం వేరు అని అప్పుడు తెలిసింది.

ధూళి విషయంలో మరొక పాఠం. మే నెలలో ఢిల్లీలో ఆంధీ వస్తుంది. రాజస్థాన్ వైపునుండి లేచిన ధూళి ఆకాశాన్ని పసుపుగా మార్చి, తలుపులు మూసినా ఇంట్లో పొరలా పరుచుకుంటుంది. ఒక ఆంధీ మరునాడు బాల్కనీలో పేరుకున్న ధూళిని నేను కాగితంలోకి ఎత్తి, నిజమైన ధూళికన్నా నిజమైనది ఏముంటుందని ట్యాంకు మీద చల్లాను. తీరా చూస్తే ట్యాంకు మీద గులకరాళ్లు పోసినట్లు ఉంది. పదవవంతు మిల్లీమీటరు రేణువు ఆ పరిమాణంలో మూడున్నర మిల్లీమీటర్ల రాయి అవుతుంది మరి! చిన్నదానిలో నిజం చూపించాలంటే నిజమైన వస్తువు పనికిరాదు. సుద్దపొడిని పాత వాయిలు చీర గుడ్డలో జల్లించి వాడవలసివచ్చింది.

వానచారలు ఎలా దిగుతాయో నేర్చుకోవడానికి మాకు ఒక మంచి పాఠశాల దొరికింది. మా ఇంటికి నడకదూరంలో, ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డు మీది పెద్ద మాల్‌లకు ఎదురుగా ఖిర్కీ గ్రామం ఉంది. అక్కడ ఇళ్ల మధ్య, నాలుగు మూలలా బురుజులతో కోటలాగా ఒక ప్రాచీన మసీదు ఉంది. నేడది పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న కట్టడం. 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ మంత్రి జునాన్ షా కట్టించినది. ఈ జునాన్ షా తండ్రి మక్బూల్ తిలంగానీ మన తెలుగువాడే. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ఢిల్లీకి తరలింపబడి, మతం మారి, క్రమంగా సుల్తానుకు ప్రధానమంత్రి అయిన కాకతీయ సేనాని. గన్నమ నాయకుడు ఈయనేనని మన చరిత్రకారులు చెబుతారు. సాకేత్‌లో మనవారెవరూ లేరని దిగులుపడిన నాన్నగారికి నేను ఈ సంగతి చెబితే, "అయితే మనకన్నా ఏడువందల ఏళ్ల ముందే బదిలీ మీద వచ్చాడన్నమాట" అన్నారు. అమ్మ పోయాక ఆయన నోట నేను విన్న మొదటి హాస్యం అదే.

ఆ గోడల సున్నపు పూత శతాబ్దాల వానకు నల్లబడింది. ఉదయపు నడకలో మేమిద్దరం దాని ముందు నిలబడి చారలను పరిశీలించేవాళ్లము. చార ఎక్కడపడితే అక్కడ మొదలుకాదు. నీరు ఆగడానికి ఒక అంచు, ఒక చూరు, ఒక పగులు ఉన్నచోట మొదలై, పైన ముదురుగా, దిగేకొద్దీ సన్నగా, లేతగా మారి మాయమవుతుంది. ఇంటికి వచ్చి, ట్యాంకు పెట్టెల అంచుల క్రింద మాత్రమే వెంట్రుకవంటి గీత గీసి, టర్పెంటైను తడిపిన కుంచెతో పైనుండి క్రిందికి ఒక్కసారి లాగాను. చార ప్రాణం పోసుకొన్నట్లు దిగింది. నాన్నగారు తల ఊపారు.

ఇక బురద మిగిలింది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, సుద్దపొడి, యాక్రిలిక్ రంగు కలిపి ముద్ద చేసి చక్రాలకు పూయాలి. ఆరిన బురద లేతగా, మెరుపు లేకుండా ఉంటుంది. తడి బురద ముదురుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఏది ఎంత వేయాలని అడిగాను.

నాన్నగారు వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి, "ఇది ఏ రోజు బండి?" అని అడిగారు.

"ఏ రోజు అంటే?"

"ఏదో ఒక రోజు ఉండాలి కదరా. పన్నెండో తేదీ బండి వేరు, పదిహేనో తేదీ బండి వేరు. ముందు అటువైపు పొడినేల, చెరకు తోటలు, రెల్లు. ధూళే ధూళి. తరువాత ఏరు వచ్చింది. ఏరు దాటాక క్రింద అంతా తడి బురద, పైన పాత ధూళి. ఏ రోజో చెప్పకుండా బురద ఎంత అంటే ఏం చెప్పను?"

ఆ ఏరు పేరు బసంతర్. సాంబా ప్రాంతం మీదుగా పారే రావి ఉపనది. 1971 డిసెంబరు 15 నుండి 17 వరకు అక్కడ జరిగిన ట్యాంకుల పోరు మన సైనిక చరిత్రలో ప్రసిద్ధం. మందుపాతరల మధ్య ఇంజనీరు దళాలు దారి చేయగా, పూనా హార్స్ రెజిమెంటుకు చెందిన సెంచూరియన్లు ఏరు దాటి, పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను ఎదుర్కొన్నాయి. డిసెంబరు 16న సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్, తన ట్యాంకు మంటలలో చిక్కుకున్నా వదలక, తుపాకి పనిచేస్తున్నంతవరకు పోరాడి వీరమరణం పొందాడు. వయస్సు 21 సంవత్సరాలు. పరమవీరచక్ర లభించింది. ఢిల్లీ పొరుగున నోయిడాలో అరుణ్ విహార్ ఆయన పేరనే ఏర్పడింది. ఆ వీధులలోనుండి నేను ఎన్నోసార్లు వెళ్లాను కాని, ఆ పేరు ఎవరిదని ఒక్కసారీ ఆలోచించలేదు.

మా నాన్నగారి పటాలం వేరే రెజిమెంటుది. కాని అదే ప్రాంతం, అవే రోజులు. "పదిహేనో తేదీ పొద్దుటి బండి చేద్దాం" అన్నారు. "ఏరు దాటక ముందు."

అలాగే పొడి ధూళి వేశాను. సిబ్బంది ఎక్కిదిగేచోట రంగు అరిగించాను. వెనుక ఒక టీ కెటిలు వ్రేలాడగట్టాను. ముందుపలక మీద, కుడివైపున డ్రైవరు కూర్చునేచోట ఉండే రెండు చిన్న తలుపుల మీద కూడా మిగతా అన్నిచోట్లలాగే ధూళి పొడి అద్దాను. నాన్నగారు చేయి చాచి నా కుంచె ఆపారు.

"అక్కడ వద్దు."

"ఎందుకు?" అని ఈసారి నేను అడిగాను. ప్రతి మరకకూ కారణం అడగడం ఆయనే నేర్పారు కదా.

ఆయన చెప్పినది ఆయన మాటలలోనే వ్రాస్తాను. "డ్రైవరు రాజస్థాన్ వాడు. నాకన్నా చిన్నవాడు. నాకు అప్పటికింకా హిందీ సరిగా రాదు, వాడికి తెలుగు ఎలా వస్తుంది? అయినా స్నేహం. వాడికి ఒక అలవాటు. పొద్దున్నే టీకన్నా ముందు పసుపు గుడ్డతో ఆ తలుపులు తుడిచేవాడు. బండి అంతా మట్టికొట్టుకుపోయి ఉన్నా ఆ రెండు తలుపులు అద్దంలా ఉండేవి. 'ఎందుకురా, అరగంటలో మళ్లీ మట్టేగా' అంటే, 'ఇది నా ఇంటి గుమ్మం' అనేవాడు. పదిహేనో తేదీన కూడా తుడిచాడు. నేను చూశాను. కాల్పులు ఆగాక మేము రికవరీ బండితో వెళ్లాం, ఆగిపోయిన బండ్లు లాక్కురావడానికి. దూరంనుంచే నెంబరు గుర్తుపట్టాను. దగ్గరకు వెళ్తే ఆ తలుపుల మీద ధూళి. వేలితో గీస్తే గీత పడింది. ఇంక ఎవరినీ అడగక్కరలేదని తెలిసిపోయింది."

కొంతసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరువాత ఆయనే, "బండి కదిలించే ముందు నేనే తుడిచాను" అన్నారు.

అరుణ్ ఖేత్రపాల్ కథకు ఒక తరువాయి ఉంది. 2001లో ఆయన తండ్రి, విశ్రాంత బ్రిగేడియర్ ఎం.ఎల్. ఖేత్రపాల్, 81వ ఏట, దేశవిభజనకు ముందు తాము నివసించిన సర్గోధాను చూడడానికి పాకిస్తాన్ వెళ్లారు. లాహోరులో ఆయనకు ఆతిథ్యమిచ్చిన బ్రిగేడియర్ ఖ్వాజా మహమ్మద్ నాసర్, ఆనాటి పోరులో మీ కుమారుడు నా చేతనే మరణించాడని స్వయంగా ఆయనతో చెప్పారు. ఆ మాట చెప్పడానికి ఒక సైనికుడికి 30 సంవత్సరాలు పట్టింది. మా నాన్నగారికి 50 దాటి పట్టింది. అదైనా ఎవరో అడిగితే కాదు, ఒక బొమ్మ మీద ధూళి తప్పుచోట పడినందువల్ల.

నేను దూదిపుల్ల టర్పెంటైనులో ముంచి ఆ తలుపులు తుడవబోయాను. ఆయన చేయి చాచారు. ఇచ్చాను. ఆ చేతికి వణుకు ఉంది. కప్పు ఎత్తితే టీ ఒలుకుతుంది. కాని ఆ రెండు తలుపులను, ఒక్కొక్కటీ గోరంత కూడా ఉండదు, చుట్టూ ఉన్న ధూళిని చెరపకుండా ఆయనే తుడిచారు. నేను కుంచెతో సంవత్సరం సాధన చేసినా అంత శుభ్రమైన అంచు తేలేను.

ఆ ట్యాంకును ఇప్పుడు గాజుపెట్టెలో పెట్టి నాన్నగారి గదిలో ఉంచాము. మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు తాతగారు తనకు దానిని చూపిస్తూ గంటసేపు మాట్లాడారు. ఆ డ్రైవరు పేరు కూడా చెప్పారు. అది మా ఇంటిలోని మాట కనుక ఇక్కడ వ్రాయను. మాటలు పూర్తిగా తిరిగివచ్చాయని చెప్పలేను. కొన్ని రోజులు మళ్లీ "వచ్చావా" దగ్గరే ఆగిపోతారు. అయితే నేనిప్పుడు, "వచ్చాను నాన్నగారూ. ఈరోజు ఏం చేశారు?" అని అడిగి, కుర్చీ దగ్గరకు లాక్కొని కూర్చుంటున్నాను.

సహోద్యోగ మిత్రులకు ఒక్క మాట మనవి చేసి ముగిస్తాను. ఇటీవల పని మీద కర్మాగారానికి వచ్చినప్పుడు ఒక పంపుహౌసు తనిఖీకి వెళ్లాను. పాత కట్టడం. గోడలు, గొట్టాలు అన్నీ జిడ్డుతో, దుమ్ముతో నిండి ఉన్నాయి. వెంట ఉన్న యువ ఇంజనీరు లోపాలన్నీ శ్రద్ధగా వ్రాసుకుంటున్నాడు. ఆ జిడ్డు మధ్య ఒక్క పీడనమాపకం గాజు మాత్రం మిలమిల మెరుస్తోంది. వెనుకటి నేనైతే మిగతావన్నీ ఎందుకు మురికిగా ఉన్నాయని మాత్రమే అడిగి ఉండేవాడిని. ఈసారి, "ఇది ఎవరు తుడుస్తారు?" అని అడిగాను. మూలనుండి ఒక ఆపరేటరు ముందుకు వచ్చి, "నేనేనండి. షిఫ్టు ఎక్కగానే తుడుస్తాను. రీడింగు సరిగ్గా కనపడాలి కదండీ" అన్నాడు. 28 సంవత్సరాల సర్వీసట. ఆ మాట ఇంతవరకు ఎవరూ తనను అడగలేదట. నివేదికలో లోపాలతోపాటు ఆ గాజు సంగతి కూడా వ్రాయించాను.

సాకేత్‌కు తిరిగివచ్చి నాన్నగారికి ఈ విషయం చెప్పాను. ఆయన విని, "మంచివాడు" అన్నారు. తరువాత, "మళ్లీ వెళ్లినప్పుడు వాడికి ఒక పసుపు గుడ్డ తీసుకెళ్లు" అన్నారు.